చెన్నైకి వచ్చిన తెలుగు కతోలిక కుటుంబం విచారణలో కుదురుకోవడం ఎలా

ఉద్యోగం కోసమో పిల్లల చదువుల కోసమో గుంటూరు, నెల్లూరు, విజయవాడ ప్రాంతాల నుండి చెన్నైకి వచ్చే తెలుగు కతోలిక కుటుంబాలు మొదటి నెలల్లో సాధారణంగా ఒకే పని చేస్తాయి. ఒక ఆదివారం శాంథోమ్ బసిలికాకు, మరొక ఆదివారం బీసెంట్ నగర్ ఆరోగ్యమాత గుడికి, ఇంకొక ఆదివారం తెలుగు పూజ (మాస్) జరుగుతుందని ఎవరో చెప్పిన చోటికి వెళ్తాయి. అవన్నీ తప్పక వెళ్ళవలసిన గుళ్ళే. అయితే వారం వారం గుడి మారుస్తూ పోతే పూజ దొరుకుతుంది గాని విచారణ (పారిష్) దొరకదు. మేము కూడా రెండేళ్ళు అలాగే తిరిగాము. మా చిన్నపాపకు జ్ఞానస్నానం (బాప్తిస్మం) ఇప్పించవలసి వచ్చినప్పుడు “మీరు ఏ విచారణవారు?” అని అడిగితే మా ఇద్దరి దగ్గరా జవాబు లేకపోయింది. ఆ ప్రశ్న అడిగినవారిది ఏ తప్పూ లేదు. ఆ తప్పు మాదే. అందుచేత కొత్తగా వచ్చినవారికి నేను మొదట చెప్పే మాట ఒక్కటే: తెలుగు పూజ కోసం వెతకడానికి ముందు మీ విచారణ ఏదో తెలుసుకోండి.

విచారణ అంటే మనకు నచ్చిన గుడి కాదు, మన ఇల్లు ఏ గుడి సరిహద్దులో ఉందో అది. శ్రీసభ (కతోలిక సంఘం) చట్టం విచారణను సాధారణంగా ప్రాంతాన్ని బట్టే నిర్ణయిస్తుంది. ఒక ప్రాంతంలో స్థిరపడే ఉద్దేశంతో వచ్చినవారికి ఆ రోజు నుండే అది సొంత విచారణ అవుతుంది. మూడు నెలలు ఉండిపోయే ఉద్దేశంతో వచ్చిన అద్దె ఇంటివారికి, హాస్టలు విద్యార్థులకు కూడా అక్కడి విచారణ గురువులే (ఫాదర్లే) గురువులు. చెన్నై నగరం చాలావరకు మద్రాస్-మైలాపూర్ అగ్రపీఠం (ఆర్చ్‌డయోసీస్) కిందికి వస్తుంది. మైలాపూర్ పీఠం 1606లో ఏర్పడగా, 1952లో మద్రాసుతో కలిసి ఈ అగ్రపీఠంగా మారింది. మీ వీధి ఏ విచారణలోకి వస్తుందో దగ్గరలోని ఏ గుడి కార్యాలయంలో అడిగినా చెబుతారు. ఒక్క విషయం గమనించండి. మీ ఇంటికి ఆనుకొని ఉన్నది కేరళవారి సీరో మలబార్ గుడి, అంటే వేరే పూజా సంప్రదాయం గల కతోలిక గుడి, కావచ్చు. అక్కడ పూజలో పాల్గొన్నా ఆదివారపు విధి నెరవేరినట్లే, దివ్యసత్ప్రసాదం (కమ్యూనియన్) కూడా స్వీకరించవచ్చు. కాని మనలో దాదాపు అందరమూ లతీను సంప్రదాయానికి చెందినవారం కనుక పేరు నమోదు మాత్రం లతీను విచారణలోనే చేయించుకోవాలి.

కార్యాలయానికి మొదటిసారి వెళ్ళేటప్పుడు భార్యాభర్తల జ్ఞానస్నాన పత్రాలు, వివాహ పత్రం, పిల్లల పత్రాలు, వీలైతే మీ ఊరి విచారణ గురువులు ఇచ్చిన పరిచయ లేఖ వెంట తీసుకువెళ్ళండి. అక్కడ మీ కుటుంబం పేరున ఒక కార్డు తెరుస్తారు. తమిళంలో దానిని కుడుంబ అట్టై అంటారు. నెలనెలా చెల్లించే చందా ఆ కార్డులోనే రాస్తారు. ఎంత ఇవ్వాలన్నది మీ శక్తిని బట్టి ఉంటుంది. తక్కువ ఇస్తున్నామన్న మొహమాటంతో అసలు నమోదే చేయించుకోకుండా ఉండవద్దు.

పత్రాల సంగతి ఇంకొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది ఇక్కడే ఇబ్బంది పడతారు. మీకు జ్ఞానస్నానం ఇచ్చిన గుడిలోని పుస్తకమే జీవితాంతం మీ మూల దస్తావేజు. ఆ తరువాత జరిగే భద్రమైన అభ్యంగనం (కన్ఫర్మేషన్), వివాహం, గురుపట్టం వంటివన్నీ ఎక్కడ జరిగినా ఆ కబురు తిరిగి ఆ గుడికే వెళ్తుంది. మీ పేరు ఉన్న వరుస పక్కన రాసి పెడతారు. పెళ్ళి సమయంలో ఆరు నెలల లోపు తీసిన జ్ఞానస్నాన పత్రం తెమ్మని అడగడానికి కారణం ఇదే: పెట్టెలో దాచుకొన్న పాత పత్రం మీరు ఎప్పుడు జ్ఞానస్నానం పొందారో చెబుతుంది గాని, ఆ తరువాత పెళ్ళి అయిందో లేదో చెప్పదు. కాబట్టి పెళ్ళి మాట అనుకోగానే ఊరి విచారణకు కబురు చేయండి. మూడు ఆదివారాలు పూజలో పెళ్ళి ప్రకటన చదవాలి, వివాహ సన్నాహ తరగతులకు వధూవరులు ఇద్దరూ హాజరు కావాలి, ఆ పైన ఊరినుండి ఉత్తరాలు రావాలి. మూడు నెలల వ్యవధి లేకపోతే ఊపిరి ఆడదు. జ్ఞానస్నానానికి వచ్చే తల్లిదండ్రులకు మరొక చిక్కు ఎదురవుతుంది. మన బంధువుల్లో లూథరన్లు, బాప్టిస్టులు సహజంగానే ఉంటారు. మేనమామను జ్ఞానతండ్రిగా (గాడ్‌ఫాదర్‌గా) నిలబెడదామని అనుకొంటాము. జ్ఞానతల్లిగాని జ్ఞానతండ్రిగాని పదహారేళ్ళు నిండి, భద్రమైన అభ్యంగనం, దివ్యసత్ప్రసాదం పొందిన కతోలికులై ఉండాలి. మేనమామ వేరే సంఘానికి చెందినవారైతే, ఒక కతోలిక జ్ఞానతల్లి పక్కన సాక్షిగా నిలబడవచ్చు. ఈ సంగతి ముందే చెప్పి పిలిస్తే, ఆ రోజు గుడిలో ఎవరి మనసూ నొచ్చుకోదు.

ఇక భాష. తమిళ పూజ అర్థం కాదన్న బెంగతోనే చాలామంది విచారణకు దూరమవుతారు, కాని ఈ బెంగ తీరడానికి రెండు నెలలు చాలు. లతీను సంప్రదాయంలో ఆదివారపు పఠనాలు లోకమంతటా ఒక్కటే. ఆ ఉదయం మీ ఊరి గుడిలో తెలుగులో చదివే సువిశేషాన్నే (సువార్తనే) చెన్నైలో తమిళంలో చదువుతారు. పఠనాలు మూడేళ్ళకొకసారి తిరిగి వస్తాయి. ఏ ఏడు ఏ సువిశేషమో తెలుసుకోవడానికి మా ఉపదేశిగారు ఒక లెక్క నేర్పారు: సంవత్సరపు సంఖ్యను మూడుతో భాగిస్తే ఒకటి మిగిలితే మత్తయి, రెండు మిగిలితే మార్కు, ఏమీ మిగలకపోతే లూకా. 2026ను భాగిస్తే ఒకటి మిగులుతుంది, కనుక ఆ ఏడు మత్తయి. క్రిస్మస్‌కు ముందు వచ్చే ఆగమన కాలపు మొదటి ఆదివారంతోనే, అంటే నవంబరు చివరగాని డిసెంబరు మొదటగాని, పై ఏటి వరుస మొదలవుతుందని మాత్రం మరువకూడదు. శనివారం రాత్రి భోజనాల తరువాత డెబ్బై మూడు గ్రంథాల మన కతోలిక తెలుగు పవిత్ర గ్రంథం తెరిచి, మరునాటి రెండు పఠనాలూ కీర్తనా సువిశేషమూ ఇంట్లో ఒకరి తరువాత ఒకరు గట్టిగా చదవండి. మరునాడు బలిపీఠం దగ్గర చదివే తమిళం మీకు తెలిసిన కథగానే వినిపిస్తుంది.

జవాబులు నేర్చుకోవడం ఇంకా తేలిక. “ఆండవరే ఇరక్కమాయిరుమ్” అంటే ప్రభువా దయ చూపుము అని ఒక్కసారి తెలిస్తే చాలు. మన పాపసంకీర్తనం (కన్ఫెషన్) అక్కడ పావసంగీర్తనం, మన జపమాల అక్కడ జెపమాలై. మొదటి నెలల్లో నా పక్కన కూర్చొనే ఒక పెద్దావిడ, నేను పెదవులు కదపకుండా నిలబడి ఉండటం చూసి, తన పూజ పుస్తకాన్ని మా ఇద్దరి మధ్యకు జరిపి, తమిళ అక్షరాల కింద వేలు పెట్టి మెల్లగా జరుపుతూ చదివేవారు. నాకు తమిళ లిపి రాదు. అయినా ఆ వేలు ఎక్కడ ఆగితే అక్కడ ఆగి, ఎక్కడ కదిలితే అక్కడ చెవి పెట్టి, తపస్సుకాలం (లెంట్) ముగిసేసరికి “విణ్ణులగిల్ ఇరుక్కిఱ ఎంగళ్ తందైయే” అంటూ పరలోక జపం పూర్తిగా చెప్పగలిగాను. మీరూ వెనుక వరుసలో కాకుండా, పాటలు పాడేవారికి దగ్గరగా, పుస్తకం పట్టుకొనే పెద్దవారి పక్కన కూర్చోండి.

పూజ క్రమం మనకు తెలిసినదే కనుక దానిని గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. శనివారం సాయంత్రం పూజకు వెళ్ళినా ఆదివారపు విధి తీరుతుంది. ఆదివారం డ్యూటీ ఉన్నవారు దీనిని గుర్తు పెట్టుకోండి. దివ్యసత్ప్రసాదానికి గంట ముందు నుండి ఏమీ తినకూడదు, తాగకూడదు. మంచినీళ్ళకు, మందులకు ఆ నియమం లేదు, వృద్ధులకూ రోగులకూ సడలింపు ఉంది. చేతిలో స్వీకరించేవారు ఎడమ చేతిని కుడి చేతిమీద ఉంచి, అందుకొన్న తరువాత అక్కడే, గురువుల ఎదుటే నోట పెట్టుకోవాలి. కతోలికులు కాని స్నేహితులను, బంధువులను పూజకు నిరభ్యంతరంగా తీసుకురండి. దివ్యసత్ప్రసాదం మాత్రం వారు స్వీకరించరని ముందుగా, మృదువుగా చెప్పండి. పూజలో ఒకరికొకరు శాంతి సమాధానం తెలుపుకొనేటప్పుడు ఇక్కడ కూడా చేతులు జోడించే నమస్కరిస్తారు. భారతదేశపు పూజలో ఇటువంటి పన్నెండు దేశీయ పద్ధతులకు 1969లో రోము అనుమతి ఇచ్చింది.

వారపు రోజుల భక్తి విషయంలో చెన్నైకి తనదైన తీరు ఉంది. మంగళవారం పునీత (సెయింట్) అంతోనివారిది; ప్యారీస్ కార్నర్ దగ్గర ఆర్మేనియన్ వీధిలోని గుడి ఆ రోజు జనంతో నిండి ఉంటుంది. బుధవారం చాలాచోట్ల నిత్య సహాయమాత నవదిన ప్రార్థన, నెలలో మొదటి శుక్రవారం తిరుహృదయ భక్తి, శనివారం మరియమాత భక్తి జరుగుతాయి. వీటన్నిటికీ పరుగెత్తవలసిన పని లేదు. మీ విచారణలో జరిగే ఒక వారపురోజు పూజను ఎంచుకొని, తప్పకుండా దానికి వెళ్ళండి. ఆదివారం వందల మందిలో కలిసిపోయే ముఖం, ఇరవై మంది కూడా లేని వారపురోజు పూజలో అందరికీ గుర్తుండిపోతుంది.

విచారణలో నిజంగా కలిసిపోయే చోటు మాత్రం అన్బియం. పది ఇరవై ఇళ్ళను ఒక్కచోట చేర్చి, ప్రతి బృందానికి ఒక పునీతుల పేరు పెట్టి, ఒక్కొక్క ఇంట్లో వంతులవారీగా ప్రార్థనకు కూడే పద్ధతి తమిళనాడు విచారణల్లో బాగా పాతుకుపోయింది. కుటుంబ కార్డు ఇచ్చేటప్పుడే మీ వీధి ఏ అన్బియంలోకి వస్తుందో, దాని బాధ్యులు ఎవరో అడిగి రాసుకోండి. జపమాల, వాక్య పఠనం, దాని మీద రెండు మాటలు, పాట, ఎవరికి ఒంట్లో బాగాలేదో ఎవరి పిల్లలకు పరీక్షలున్నాయో చెప్పుకొని చేసే ప్రార్థన, చివర టీ: గంటలో ముగుస్తుంది. మా మొదటి కూటమి రెండవ అంతస్తులోని ఒక ఇరుకు హాలులో జరిగింది. గుమ్మం బయట చెప్పులు మెట్ల వరకు పేర్చి ఉన్నాయి, స్టూలు మీద మరియమాత స్వరూపం, ముందు ఒక దీపం, పక్కన గిన్నెలో మల్లెపూలు. జపమాలలోని భాగాలైన దేవరహస్యాలు నాలుగు తమిళంలో పూర్తయ్యాక, ఆ ఇంటి అక్క నా వైపు తిరిగి, వచ్చీరాని తెలుగులో “ఇది మీ భాషలో చెప్పమ్మా” అన్నారు. “దేవవరప్రసాదము చేత నిండిన మరియమ్మా వందనము” అని మొదలుపెట్టాను. పదిసార్లూ మొదటి సగం నేను తెలుగులో చెబితే, రెండవ సగం వారంతా తమిళంలో అందుకొన్నారు. మీరూ అడిగి చూడండి, కాదనేవారు ఉండరు. మీ వంతు వచ్చినప్పుడు ఇల్లు చిన్నదని వెనుకాడకండి. చాప పరిస్తే చాలు.

పిల్లల సత్యోపదేశం (క్యాటకిజం) ఆదివారం పూజకు ముందో తరువాతో జరుగుతుంది. ఇంగ్లీషు మాధ్యమంలో చదివే పిల్లలను ఇంగ్లీషు తరగతిలో చేర్చడంలో తప్పు లేదు, కాని జపాలు మాత్రం ఇంట్లో తెలుగులోనే నేర్పాలన్నది నా గట్టి అభిప్రాయం. రాత్రి జపమాల చెప్పుకొనే పావుగంట దీనికి సరిపోతుంది: సోమ, శనివారాల్లో సంతోష దేవరహస్యాలు, మంగళ, శుక్రవారాల్లో దుఃఖ దేవరహస్యాలు, ఆది, బుధవారాల్లో మహిమ దేవరహస్యాలు, గురువారం 2002లో చేర్చిన వెలుగు దేవరహస్యాలు. వేసవి సెలవుల్లో ఊరికి వెళ్ళినప్పుడు అమ్మమ్మ పక్కన కూర్చొని ఆ పిల్లలు గొంతు కలపగలగాలి.

పాపసంకీర్తనం కూడా తెలుగులో చేసుకోవాలని చాలామందికి ఉంటుంది, అది సహజమే. ఏడాదికి ఒకసారైనా చేయవలసిన ఈ సంస్కారాన్ని భాష పేరుతో వాయిదా వేయకండి. క్రీస్తు జయంతికి, పాస్కకు (ఈస్టరుకు) ముందు అనేక విచారణల్లో ఒక సాయంత్రం ఇతర గుళ్ళ నుండి కూడా గురువులు వచ్చి కూర్చొంటారు. వారిలో తెలుగు తెలిసినవారు ఉన్నారా అని కార్యాలయంలో ముందే అడగండి. లేకపోయినా, ఇంగ్లీషులో నాలుగు ముక్కలు చెప్పినా ఆ క్షమాపణ పూర్ణమైనదే. తెలుగు పూజ నెలకొకసారి ఎక్కడైనా జరుగుతున్నదని తెలిస్తే తప్పక వెళ్ళండి. అక్కడి పరిచయాలు మంచివి. మిగిలిన ఆదివారాలు మాత్రం మీ విచారణలోనే ఉండండి.

పండుగల్లో మన ఊరి జ్ఞాపకాలకు ఇక్కడ చోటు ఉంది. ఫిబ్రవరి 11న గుణదల మాత తిరునాళ్ళకు వెళ్ళలేకపోతే, అదే లూర్దుమాతకు పెరంబూరులో గుడి ఉంది. ఆగస్టు 29న బీసెంట్ నగర్‌లో ఆరోగ్యమాత జెండా ఎగరేసి సెప్టెంబరు 8న పండుగ చేస్తారు. జూలై 3న పునీత తోమావారి పండుగను, ఆయన సమాధి ఉన్న నగరంలోనే జరుపుకొనే భాగ్యం మనది. మట్టల ఆదివారం నాడు పిల్లల చేత లేత కొబ్బరి మట్టతో సిలువ అల్లించండి. పక్కింటి తాతగారికి అల్లిక వచ్చే ఉంటుంది.

ఇంట్లో ఎవరికైనా జబ్బు చేసి ఆసుపత్రిలో చేరితే ఆ రోజే అన్బియం బాధ్యులకు ఫోను చేయండి. ఆఖరి ఘడియ వరకు ఆగకుండా గురువులను పిలిపించి రోగికి అభ్యంగనం ఇప్పించండి. అది చావుబతుకుల్లో ఉన్నవారికి మాత్రమే కాదు, పెద్ద ఆపరేషనుకు ముందు కూడా పొందవచ్చు. ఎప్పుడైనా చెన్నై విడిచి వేరే ఊరికి మారవలసి వస్తే, సామాను కట్టడానికి వారం ముందే కార్యాలయానికి వెళ్ళి, చందా సరిచూసుకొని, కొత్త విచారణ గురువుల పేరున ఒక పరిచయ లేఖ రాయించుకోండి. ఆ లేఖను, కుటుంబ కార్డును, పిల్లల జ్ఞానస్నాన పత్రాలను లారీలో వేయకుండా చేతిసంచిలోనే పెట్టుకోండి.