రాయి మీద ఉన్నదేమిటి, మనం ఊహించిందేమిటి: శాసనాన్ని చరిత్ర ఆధారంగా చదివే పద్ధతి

డిగ్రీ మొదటి సంవత్సరం చరిత్ర జవాబు పత్రాల్లో ఏటా తప్పకుండా ఒక వాక్యం ఎదురవుతుంది: "కాయస్థ అంబదేవుడు రాణి రుద్రమదేవిని యుద్ధంలో చంపాడని చందుపట్ల శాసనం తెలుపుతున్నది." ఇందులోని పేర్లన్నీ చరిత్రలో ఉన్నవే: రుద్రమదేవి ఓరుగల్లును ఏలిన కాకతీయ రాణి, అంబదేవుడు ఆమెపై తిరుగుబాటు చేసిన కాయస్థ వంశపు సామంతుడు. చెప్పిన సంగతి కూడా జరిగి ఉండవచ్చు. అయినా ఆ వాక్యం తప్పు. చందుపట్ల శాసనంలో అంబదేవుడి పేరు లేదు, యుద్ధం ప్రస్తావన లేదు, చంపడం అనే మాట అసలే లేదు. ఆధారంలో ఉన్న విషయానికీ, దాని నుంచి చరిత్రకారుడు తీసిన నిర్ణయానికీ మధ్య ఉన్న గీత చెరిగిపోవడం వల్ల పుట్టిన తప్పు ఇది. సామాజిక శాస్త్రాల్లోకి కొత్తగా అడుగుపెట్టిన విద్యార్థి మొట్టమొదట నేర్చుకోవలసింది ఆ గీతను ఎక్కడ గీయాలనే సంగతే అని నా అభిప్రాయం. కాకతీయుల కాలపు రెండు మూడు శాసనాలను దగ్గర పెట్టుకుని దాన్ని ఎలా గీయాలో ఇక్కడ వివరిస్తాను.

ముందుగా నోటుపుస్తకంలో ఒక పేజీ తీసుకుని మధ్యలో నిలువుగా గీత గీయండి. ఎడమ వైపు "రాయి మీద ఉన్నది" అనీ, కుడి వైపు "నేను అనుకుంటున్నది" అనీ రాసుకోండి. ఇది చిన్నపిల్లల పనిలా కనిపిస్తుంది కానీ, ఎంతో అనుభవం ఉన్నవాళ్లు కూడా ఏదో ఒక రూపంలో చేసేది ఇదే. శాసనం పాఠాన్ని చదువుతున్నంతసేపూ ఎడమ వైపు మాత్రమే నింపాలి. కుడి వైపు ఏదైనా రాయాలని చేయి లాగినా, పాఠం పూర్తయ్యేదాకా ఆగాలి.

తేదీని తేల్చుకోవడం

మన శాసనాలు ఎక్కువగా శక సంవత్సరాన్ని చెబుతాయి. దానికి 78 కలిపితే క్రీస్తు శకం వస్తుంది. అయితే శక సంవత్సరం ఉగాదికి మొదలవుతుంది కనుక, జనవరి మొదలుకొని మళ్లీ ఉగాది వచ్చేలోపు పడే తిథులకు 79 కలపాలి. మోటుపల్లి రేవులో రుద్రమ తండ్రి గణపతిదేవుడు వర్తకులకు అభయమిస్తూ వేయించిన శాసనం శక 1166 నాటిది. దాన్ని పుస్తకాల్లో 1244 అని కాక 1244-45 అని రాయడానికి కారణం ఇదే.

లెక్క సరిపోయిందో లేదో చూసుకోవడానికి సంవత్సరం పేరు పనికివస్తుంది. మోటుపల్లి శాసనంలోని సంవత్సరం క్రోధి. 2024 ఉగాదికి మన ఇళ్లలో పంచాంగ శ్రవణం చేసినదీ క్రోధికే, అది శక 1946. 1946 నుంచి 1166 తీసివేస్తే 780 వస్తుంది, అంటే సరిగ్గా 13 అరవై ఏళ్ల చక్రాలు. చందుపట్ల శాసనం శక 1211, విరోధి. 2009 ఉగాదికి వచ్చినదీ విరోధే, శక 1931. తేడా 720, అంటే 12 చక్రాలు. శక సంఖ్యకూ సంవత్సరం పేరుకూ పొత్తు కుదరకపోతే చెక్కినవాడైనా, చదివినవాడైనా, అచ్చువేసినవాడైనా ఎక్కడో పొరపడ్డాడని అర్థం. అప్పుడు తిథినీ వారాన్నీ కూడా పరీక్షించక తప్పదు.

ఎవరు, ఎందుకు, ఎవరి కోసం

శాసనాలు చరిత్ర రాయడానికి వేయించినవి కావు. ఒక దానాన్ని పదికాలాల పాటు నిలబెట్టడానికో, ఒక పన్నును ప్రకటించడానికో, ఒక గెలుపును చాటడానికో వేయించారు. అందుకే ఏ శాసనాన్నయినా మొదట "ఇది ఏ పని కోసం పుట్టింది" అని అడగాలి. రాజుల బిరుదుల వరుస, అంటే ప్రశస్తి, దాదాపు ఒకే మూసలో నడుస్తుంది. "అనుమకొండ పురవరాధీశ్వర", "చలమర్తిగండ" వంటి మాటలు కాకతీయుల శాసనాల్లో పదే పదే వస్తాయి. అవి ఆ శాసనానికి ప్రత్యేకమైన వార్తలు కావు. చివర వచ్చే శాపవాక్యాలూ అంతే. తాను ఇచ్చిన భూమినైనా, పరులు ఇచ్చిన భూమినైనా అపహరించినవాడు అరవై వేల ఏళ్లు పెంటలో పురుగై పుడతాడనే శ్లోకం దేశమంతటా దానశాసనాల్లో కనిపిస్తుంది. దాన్ని చూసి ఆ ఊళ్లో ఎవరో భూమి కాజేశారని రాయకూడదు. దేవుడి మాన్యాలు పరుల పాలు కావడం అప్పటికే అందరికీ తెలిసిన భయమని మాత్రం రాయవచ్చు, అదీ కుడి వైపు గడిలోనే. మూసలో ఉన్న భాగాన్ని పక్కన పెట్టగా మిగిలే నాలుగైదు పంక్తుల్లోనే సాధారణంగా అసలు సమాచారం ఉంటుంది.

ఆజ్ఞ వేరు, ఆచరణ వేరు

మోటుపల్లి ఇప్పటి బాపట్ల జిల్లాలో, సముద్రపు ఒడ్డున ఉన్న ఊరు. అక్కడి శాసనం పాఠం శాసనాల పాఠాలను ప్రచురించే ఎపిగ్రాఫియా ఇండికా 12వ సంపుటంలో అచ్చయింది. అందులో గణపతిదేవుడు చెప్పిన సంగతి స్థూలంగా ఇది: ఒక దేశం నుంచి మరో దేశానికి బయలుదేరిన ఓడలు గాలివానకు దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకువస్తే, పూర్వపు రాజులు వాటిలోని బంగారాన్నీ ఏనుగులనూ గుర్రాలనూ రత్నాలనూ బలవంతంగా తీసుకునేవారు, ప్రాణం కన్నా ధనమే మిన్న అనుకుని సముద్రయానానికి తెగించిన వర్తకుల నుంచి మేము మాత్రం కీర్తి కోసం, ధర్మం కోసం, నిర్ణయించిన సుంకం తప్ప మరేదీ తీసుకోము. ఎగుమతులకూ దిగుమతులకూ ముప్పయ్యింట ఒక వంతు సుంకం అని చెప్పి, ఆపైన చందనం, కర్పూరం, పన్నీరు, దంతం, ముత్యాలు, పగడాలు, రాగి, పట్టు, మిరియాలు, పోకలు వంటి సరుకుల పద్దు ఇచ్చారు.

దీన్ని చదివిన విద్యార్థి సామాన్యంగా "గణపతిదేవుని కాలంలో వర్తకులకు పూర్తి రక్షణ ఉండేది" అని రాస్తాడు. కొంచెం ఆగి ఆలోచిస్తే, ఈ శాసనం నేరుగా రుజువు చేసేది రాజు అలా ప్రకటించాడని మాత్రమేనని తెలుస్తుంది. రేవులోని సుంకరులు దాన్ని పాటించారో లేదో ఈ రాయి చెప్పదు. "పూర్వపు రాజులు దోచుకునేవారు" అనే మాట కూడా ఎవరి నోట వచ్చిందో గమనించాలి. తన దయను గొప్పగా చూపడానికి ముందువాళ్లను తక్కువ చేయడం రాజులకు కొత్త కాదు. అలాగని కొట్టిపారేయనూ కూడదు. అభయం ఇవ్వవలసి వచ్చిందంటే భయం ఉండి ఉంటుందని ఊహించడంలో బలముంది. అదే రేవులో శక 1280లో, అంటే 1358లో, రెడ్డిరాజు అనపోతారెడ్డి వర్తకుల కోసం మళ్లీ ఒక శాసనం వేయించాడు. ఒకే మాటను శతాబ్దం దాటాక మరో వంశం మళ్లీ చెప్పవలసి వచ్చిందంటే, మధ్యలో ఆ హామీ సడలి ఉండవచ్చు, లేదా కొత్త పాలకుడు రేవు తనదని చాటుకోవాలనుకుని ఉండవచ్చు. రెండు ఊహలకూ చోటున్నప్పుడు రెండూ రాయడమే నిజాయితీ.

ఇక ఎవరూ పెద్దగా అనుమానించనక్కరలేని సమాచారం ఆ సరుకుల పద్దు. రాజు గొప్ప చెప్పుకోవడానికి పోకల మీద సుంకం రాయించడు కదా. రాసినవాడు మనల్ని నమ్మించాలని చూడకుండా పనిలో పనిగా చెప్పిపోయిన వివరాలే చరిత్రకారుడికి చాలా సార్లు అసలైన పంట.

ఒక ఆధారాన్ని మరొక దానితో నిలదీయడం

వెనిస్ యాత్రికుడు మార్కోపోలో 1290ల తొలి ఏళ్లలో చైనా నుంచి తిరుగు ప్రయాణం కట్టాడు. అతని వృత్తాంతంలో ముత్ఫిలి అనే రాజ్యం వస్తుంది. అది మోటుపల్లి పేరు మీద పిలిచిన కాకతీయ రాజ్యమే. అక్కడి రాజు పోయి నలభై ఏళ్లయిందనీ, అతని భార్య ఎంతో వివేకంతో ఏలుతున్నదనీ అతను చెప్పాడు. రుద్రమ గణపతిదేవుని భార్య కాదు, కుమార్తె. ఈ సంగతి శక 1183 నాటి మల్కాపురం శాసనం వంటి వాటి వల్ల స్పష్టంగా తెలుస్తుంది. పైగా చందుపట్ల శాసనాన్ని బట్టి 1289 నాటికే ఆమె లేదు. విన్న మాటలు కలగలిసి, ఏళ్ల తర్వాత జెనోవా చెరసాలలో తోటి ఖైదీ చేత రాయించిన పుస్తకంలో ఇలాంటి పొరపాటు దొర్లడం వింత కాదు. అయితే రాణి బంధుత్వం విషయంలో తప్పిన సాక్షి వజ్రాల గురించీ, సాలెగూడు వంటి సన్నని బట్టల గురించీ చెప్పినదంతా తప్పని తేల్చకూడదు. సాక్షిని మొత్తంగా నమ్మడమో మానడమో కాకుండా, ఒక్కొక్క వాక్యానికి "ఇది ఇతనికి ఎలా తెలిసి ఉంటుంది" అని అడగాలి. సరుకు సంగతి వర్తకుడి కుటుంబంలో పుట్టినవాడికి బాగా తెలుస్తుంది, అంతఃపురం సంగతి తెలియదు.

ఇప్పుడు చందుపట్లకు వద్దాం

చందుపట్ల నల్గొండ జిల్లా నకిరేకల్ మండలంలో ఉంది. అక్కడి శాసనంలో, శక 1211 విరోధి సంవత్సరం మార్గశిర మాసంలో, పువ్వుల ముమ్మడి అనే సేవకుడు కాకతి రుద్రమదేవికీ మల్లికార్జున నాయకునికీ శివలోక ప్రాప్తి కలగాలని సోమనాథదేవునికి భూమి ఇచ్చాడని ఉంది. అందులోని తిథి 1289 నవంబరు 27కు సరిపోతుంది. ఎడమ గడిలో రాయవలసింది ఇంతే. (మల్లికార్జున నాయకుడు రాణి సేనాని.) ఇక్కడ మరో సాధారణమైన పొరపాటును కూడా చూడండి: "రుద్రమ 1289 నవంబరు 27న మరణించింది" అని చాలా చోట్ల కనిపిస్తుంది. అది దానం చేసిన తేదీ. మరణం అంతకు ముందు, బహుశా కొద్ది రోజుల ముందే జరిగి ఉండాలి. ఎన్ని రోజులో రాయి చెప్పదు.

కుడి గడిని నింపడానికి త్రిపురాంతకం వెళ్లాలి. శక 1212 నాటి అక్కడి శాసనంలో అంబదేవుడు తన విజయాలను వరుసగా చెప్పుకుంటూ మల్లికార్జునపతిని సప్తాంగాలు లేనివాణ్ణి చేశానన్నాడు. సప్తాంగాలంటే శరీరంలోని అంగాలు కావచ్చు, రాజనీతి శాస్త్రంలో చెప్పే రాజు, మంత్రి, దేశం, దుర్గం, కోశం, సైన్యం, మిత్రుడు అనే రాజ్యాంగాలూ కావచ్చు. శ్లేష ఉద్దేశించినదే. ఆ ఏడింటిలో రాజు కూడా ఉన్నాడు కనుక, మల్లికార్జునుడు ఏ ప్రభువు పక్షాన పోరాడాడో ఆ ప్రభువును కూడా పోగొట్టానని అంబదేవుడు సూచిస్తున్నాడని చరిత్రకారులు వ్యాఖ్యానించారు. రాణీ, మల్లికార్జునుడూ ఒకే దానశాసనంలో కలిసి కనిపించడం, మరుసటి సంవత్సరమే అంబదేవుడు ఆ మల్లికార్జునుడిపై గెలుపును చాటుకోవడం, ఈ రెండూ పక్కపక్కన పెడితే యుద్ధంలో మరణం అనే నిర్ణయం వస్తుంది. నాకు అది సమంజసంగానే కనిపిస్తుంది. కానీ అది రెండు రాళ్లను కలిపి కట్టిన వంతెన, ఒక రాయి మీద చెక్కిన మాట కాదు.

కాబట్టి జవాబు పత్రంలో ఇలా రాయండి: "1289 నవంబరు నాటికి రుద్రమదేవి, మల్లికార్జున నాయకుడు మరణించారని చందుపట్ల శాసనం వల్ల తెలుస్తున్నది, మరుసటి సంవత్సరపు త్రిపురాంతక శాసనంలో అంబదేవుడు మల్లికార్జునునిపై విజయాన్ని చెప్పుకోవడాన్ని బట్టి, వారు అతనితో జరిగిన యుద్ధంలో మరణించి ఉంటారని చరిత్రకారులు భావిస్తున్నారు." ఇక్కడ "తెలుస్తున్నది", "బట్టి", "ఉంటారని భావిస్తున్నారు" అనే మాటలు ఒక్కొక్కటీ ఒక్కొక్క మెట్టు. మన భాషలో ఈ తేడాలకు చక్కని మాటలున్నాయి. వాటిని వాడకుండా అన్నిటికీ "తెలుపుతున్నది" అని తగిలించడమే ఇబ్బందంతా.

ప్రాథమిక ఆధారం, ద్వితీయ ఆధారం అనే పేర్ల గురించి ఒక్క మాట చాలు. అవి వస్తువుకు అంటించే చీటీలు కావు, అడిగిన ప్రశ్నను బట్టి మారతాయి. కాకతీయుల గురించి 1950లో రాసిన పాఠ్యపుస్తకం కాకతీయులకు ద్వితీయ ఆధారం. 1950లో పిల్లలకు ఏం నేర్పేవారు అని అడిగితే అదే ప్రాథమిక ఆధారం.

అభ్యాసానికి దూరం వెళ్లనక్కరలేదు. మీ బడి గోడకో, ఊరి నీళ్ల ట్యాంకుకో బిగించిన శిలాఫలకం ముందు నోటుపుస్తకంతో నిలబడండి. ఎవరి పేరు పెద్ద అక్షరాల్లో ఉంది, ఎవరిది చిన్న అక్షరాల్లో ఉంది, పేర్ల ముందు ఏ బిరుదులున్నాయి, ఉన్న తేదీ శంకుస్థాపనదా ప్రారంభానిదా అన్నవి ఎడమ వైపు రాయండి. ట్యాంకులో నీళ్లు ఎప్పటి నుంచి వచ్చాయో దాని మీద ఉండదు, కట్టిన మేస్త్రీ పేరూ ఉండదు. ఆ రెండూ తెలుసుకోవడానికి ఎవరిని అడగాలో ఆలోచించి వాళ్ల పేర్లు కుడి వైపు రాసుకోండి. ఆ తర్వాత గుడి దగ్గర పాత రాయి దొరికితే దాని మీద సుద్ద రుద్దకండి, పసుపు, నూనె, రంగు పూయకండి. పొద్దున్నో సాయంత్రమో ఎండ ఏటవాలుగా పడే వేళ ఫోటో తీస్తే అరిగిన అక్షరాలు కూడా నీడతో తేలుతాయి.