సంస్థకు ముప్పు తెచ్చే భాగస్వామితో ఎలా వ్యవహరించాలి?

ఉద్యోగి తప్పు చేస్తే సంజాయిషీ అడగవచ్చు, అవసరమైతే సస్పెండ్ చేయవచ్చు. సగం వాటా ఉన్న భాగస్వామే సిబ్బందిని వేధిస్తున్నా, సంస్థ సొమ్మును సొంతానికి వాడుకుంటున్నా ఏం చేయాలో చాలామందికి పాలుపోదు. పరిమిత బాధ్యత లేని సాధారణ భాగస్వామ్యంలో, వ్యాపార వ్యవహారాల్లో ఒకరు చేసిన తప్పుకు మిగిలినవారు సొంత ఆస్తులతో సహా బాధ్యత వహించవలసి రావచ్చు కనుక, "అతని గొడవ అతనిది" అని తప్పుకోవడం కుదరదు.

మొదట బాధితుల మాట వినండి. విన్నది ఎవరికీ చెప్పనని మాత్రం మాట ఇవ్వకండి. చర్య తీసుకోవాలంటే కొందరికైనా చెప్పక తప్పదు. ఫిర్యాదు చేసినవారినీ, భాగస్వామినీ దూరంగా ఉంచవలసి వస్తే కదలవలసింది భాగస్వామే. ఫిర్యాదు చేసిన వ్యక్తిని వేరే విభాగానికి పంపడం తేలికగా కనిపిస్తుంది కానీ, అది ఆ మనిషికి వేసిన రెండో శిక్ష అవుతుంది. కక్షసాధింపు అన్న కొత్త ఆరోపణకూ దారితీస్తుంది.

తరువాత, జరిగింది జరిగినట్టు ఆ రోజే రాసిపెట్టండి. "అందరితో దురుసుగా ఉంటాడు" అన్న వాక్యం విచారణలో నిలవదు. "సోమవారం ఉదయం 11 గంటలకు, సమావేశ గదిలో, లెక్కలు చూసే ఉద్యోగినిని ఈ మాట అన్నారు, ఆమె కాగితాలు బల్లమీదే వదిలి వెళ్లిపోయారు, అక్కడున్న ఇద్దరు విన్నారు" అన్నది నిలుస్తుంది. అన్న మాటను మార్చకుండా, మెత్తబరచకుండా రాయండి. చాలా సీసీ కెమెరాలు పాత దృశ్యాలను చెరిపేసి కొత్తవి నమోదు చేసుకుంటాయి కాబట్టి ఆ రికార్డును వెంటనే భద్రపరచాలి. అయితే ఆధారాల కోసం భాగస్వామి సొంత ఫోన్ తెరిస్తే మీరే నేరంలో ఇరుక్కోవచ్చు.

ఇక భాగస్వామ్య ఒప్పందం తీసి, తొలగింపు, వాటా విలువ కట్టే పద్ధతి, వివాద పరిష్కారం, బ్యాంకు సంతకాల గురించిన నిబంధనలను ఒక్కొక్కటిగా చదవండి. సంస్థ న్యాయవాది మీ ఇద్దరికీ పనిచేసే వ్యక్తి కనుక మీకంటూ వేరే న్యాయవాదిని పెట్టుకోవడం మంచిది. డబ్బు విషయంలోనూ అనుమానం ఉంటే, ఒప్పందం అనుమతించిన మేరకు పెద్ద చెల్లింపులకు ఇద్దరి సంతకాలు తప్పనిసరి చేయండి.

ఇవన్నీ అయ్యాకే ఎదురుగా కూర్చుని మాట్లాడాలి. స్వభావం గురించి కాక సంఘటనల గురించి మాట్లాడి, బయటి వ్యక్తితో విచారణ జరిపించాలనీ, అది ముగిసేదాకా ఆయన సిబ్బందికి దూరంగా ఉండాలనీ అడగండి. అనుకున్నదంతా ఆ సాయంత్రమే లిఖితపూర్వకంగా పంపండి.

విచారణలో తప్పు రుజువై విడిపోవలసి వస్తే, స్వతంత్ర నిపుణుడితో వాటా విలువ కట్టించి, వైదొలగే తేదీని రాతలో పెట్టుకోండి. ఆ సంగతి బ్యాంకుకూ, సరుకు ఇచ్చేవారికీ, ఖాతాదారులకూ తెలియజేయకపోతే, ఆయన పాత హోదాలో చేసే ఒప్పందాలు సంస్థ మెడకు చుట్టుకోవచ్చు. అప్పులకు మీరిద్దరూ ఇచ్చిన వ్యక్తిగత పూచీకత్తులు వాటంతటవే రద్దు కావు. వాటి గురించి బ్యాంకుతో విడిగా రాయించుకోవాలి.