అయోవా పల్లె కుటుంబం జాడ – మూడో పాఠం: పేరు దొరక్కపోతే పొలం వెంట వెళ్లండి

పోయిన పాఠంలో అమెరికా సెన్సస్, అంటే జనాభా లెక్కల కాగితాలు చదవడం చూశాం. 1850 నుంచి స్వతంత్రులైన (బానిసలు కాని) అందరి పేర్లూ రాశారు, 1880 నుంచి ఇంటి పెద్దకు ఎవరు ఏమవుతారో కూడా రాశారు, 1900లో పుట్టిన నెల, సంవత్సరం దొరుకుతాయి. 1890 సెన్సస్ మాత్రం 1921లో వాషింగ్టన్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో బాగా పాడై, చివరికి దాదాపు మొత్తం పోయింది. అందుకే 1880లో అమ్మ ఒళ్లో ఉన్న పిల్లాడు 1900కి వచ్చేసరికి పెళ్లాం బిడ్డలతో వేరే ఇంట్లో కనిపిస్తాడు, మధ్యలో ఏం జరిగిందో తెలియదు. అయోవాకు 1885లో, 1895లో రాష్ట్రం వాళ్లు సొంతంగా తీసిన సెన్సస్‌లు ఉన్నాయి కాబట్టి అక్కడివాళ్లకు కొంత నయం.

ఈసారి నేల సంగతి. మిడ్‌వెస్ట్ (అయోవా, దాని చుట్టుపక్కల రాష్ట్రాలు) పల్లెల్లో వంశం వెతికే ఎవరికైనా నేను గట్టిగా చెప్పే మాట ఇదే, పేరు దగ్గర ఆగిపోయినప్పుడు పొలాన్ని పట్టుకోండి. మా మామగారి వాళ్లది అయోవా ఈశాన్య మూల ఉన్న విన్నెషీక్ కౌంటీ. డెకోరా చుట్టుపక్కల నార్వే నుంచి వచ్చినవాళ్లు, స్పిల్‌విల్ వైపు చెక్‌లు, మధ్యమధ్యలో జర్మన్లు. నార్వేవాళ్లలో అప్పట్లో తండ్రి పేరుకు 'సెన్' చేర్చి కొడుకును పిలిచేవాళ్లు, కొందరు ఊళ్లో తాము ఉన్న పొలం పేరే ఇంటిపేరుగా పెట్టుకున్నారు, అమెరికా వచ్చాక అన్న ఒకటి, తమ్ముడు ఇంకొకటి ఉంచుకున్న ఇళ్లూ ఉన్నాయి. జర్మన్ పేర్లను సెన్సస్ గుమాస్తా చెవికి ఎలా వినబడితే అలా రాసుకున్నాడు. ఇంక ఆడవాళ్లకైతే పెళ్లితో పాత ఇంటిపేరే పోతుంది. కానీ 1855లో వాళ్ల నలభై ఎకరాల పొలం చెక్క ఎక్కడుందో ఇవాళా అక్కడే ఉంది, అదే నంబరుతో ఉంది. దాని మీద పేరున్న ప్రతి మనిషినీ వరసగా చూసుకుంటూ పోతే ఒక కుటుంబం బయటపడుతుంది.

ముందు ఆ నంబర్ల లెక్క నేర్చుకోవాలి, ఒక తెల్లకాగితం తీసుకోండి. 1785లో చేసిన భూమి చట్టం ప్రకారం ఈ ప్రాంతాన్నంతా చదరపు గళ్లుగా కొలిచారు. ఒక్కో టౌన్‌షిప్ అటు 6 మైళ్లు, ఇటు 6 మైళ్లు. అందులో 36 సెక్షన్లు, ఒక్కో సెక్షన్ చదరపు మైలు, అంటే 640 ఎకరాలు. సెక్షన్‌లో పావు 160 ఎకరాలు, ఆ పావులో పావు 40 ఎకరాలు. మిడ్‌వెస్ట్ రైతులు 'వెనక నలభై' అనడం మీరు వినే ఉంటారు, ఆ నలభై ఇదే. ఇప్పుడు కాగితం మీద ఆరు అడ్డ వరసలు, ఆరు నిలువు వరసలు గీసి నంబర్లు వేయండి. పైన కుడి మూల 1తో మొదలుపెట్టి ఎడమకు 6 వరకు వెళ్లి, 6 కింద 7 వేసి కుడికి 12 వరకు రావాలి, మళ్లీ 12 కింద 13 వేసి ఎడమకు. ఎద్దులు ఒక సాలు దున్ని చివర్లో తిరిగి పక్క సాలులో వెనక్కి వచ్చినట్టే. 36 కింద కుడి మూలలో పడితే సరిగ్గా వేసినట్టు. సరి చూసుకోవడానికి 14 చూడండి. దాని పైన 11, కింద 23, కుడివైపు 13, ఎడమవైపు 15 ఉండాలి. ఈ కాగితాన్ని పారేయకండి, ఈ పాఠం మొత్తానికీ పనికొస్తుంది.

భూమి కాగితాల్లో పొలం వివరం ఇలా ఉంటుంది, 'వాయువ్య పావు, ఆగ్నేయ పావులోనిది, సెక్షన్ 14, టౌన్‌షిప్ 98 నార్త్, రేంజ్ 8 వెస్ట్, ఐదో ప్రిన్సిపల్ మెరిడియన్'. ఇంగ్లిషులో ఇదంతా పొట్టి అక్షరాల్లో, భిన్నాలతో ఒకే ముక్కగా కనబడి కంగారు పెడుతుంది. దీన్ని చివర నుంచి మొదటికి చదవాలి. ప్రిన్సిపల్ మెరిడియన్ అంటే కొలతకు ఆధారంగా పెట్టుకున్న నిలువు గీత, రేంజ్ 8 వెస్ట్ అంటే ఆ గీతకు పడమరగా ఎనిమిదో నిలువు వరస, టౌన్‌షిప్ 98 నార్త్ అంటే అడ్డంగా ఉన్న ఆధార గీతకు ఉత్తరంగా 98వ అడ్డ వరస. ముందు రేంజ్, టౌన్‌షిప్ పట్టుకుని మ్యాప్‌లో ఆ చదరం చేరుకోండి (ఇది డెకోరా ఉన్న చదరమే), అందులో 14వ సెక్షన్, అందులో ఆగ్నేయ పావు, ఆ పావులో మళ్లీ వాయువ్య పావు. మొత్తం 40 ఎకరాలు. ఒక హెచ్చరిక. రెండు ముక్కల మధ్య 'అండ్' ఉంటే అవి రెండు వేరువేరు చెక్కలు, 'ఆఫ్' ఉంటే ఒకదానిలో ఇంకొకటి. 'ఉత్తర సగం అండ్ ఆగ్నేయ పావు' అంటే 320, 160 కలిపి 480 ఎకరాలు. ఆ ఒక్క మాట దగ్గర తొందరపడితే నాలుగైదు వందల ఎకరాల రైతును ఎనభై ఎకరాల పేదవాణ్ణి చేసేస్తాం.

పదహారో సెక్షన్ గురించి కూడా చెప్పాలి. బడుల కోసం ఆ సెక్షన్‌ను 1785 చట్టమే పక్కన పెట్టింది కాబట్టి బడి అక్కడే ఉండేదని చాలామంది అనుకుంటారు. అలా కాదు. చాలాచోట్ల ఆ నేలను అమ్మి, వచ్చిన డబ్బును బడుల నిధిలో వేశారు. పిల్లలు నడిచి వెళ్లిన ఒంటిగది బడులు పొలాల మూలల్లో, రోడ్లు కలిసే చోట్ల ఉండేవి.

ఇప్పుడు ఆ నేలను ప్రభుత్వం నుంచి మొదట ఎవరు తీసుకున్నారో చూద్దాం. కేంద్ర ప్రభుత్వ భూముల శాఖ అయిన బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ వాళ్ల జనరల్ ల్యాండ్ ఆఫీస్ రికార్డుల సైట్‌లో టౌన్‌షిప్, రేంజ్, సెక్షన్ నంబర్లు వేసి వెతికితే మొదటి పట్టా, వాళ్ల మాటలో పేటెంట్, బొమ్మతో సహా ఉచితంగా దొరుకుతుంది. పేరుతో వెతికే అవకాశం ఉంది గానీ దాన్ని రెండోసారికి ఉంచుకోండి. నంబరుతో వెతికితే చుట్టుపక్కల ఎవరెవరు తీసుకున్నారో కూడా కనబడుతుంది. పెళ్లిళ్లు ఎక్కువగా ఆ చుట్టుపక్కలే జరిగేవి.

ఇక్కడ కొత్తవాళ్లను తికమక పెట్టే చోటు ఒకటుంది. అయోవాలో చాలా నేల 1862 హోమ్‌స్టెడ్ చట్టానికి (అక్కడే ఉండి సాగు చేసేవాళ్లకు ప్రభుత్వ నేల ఇచ్చిన చట్టం) ముందే చేతులు మారింది. ఎకరం 1.25 డాలర్లకు నగదు ఇచ్చి కొన్నవాళ్లున్నారు, సైనికులకు ఇచ్చిన వారంట్లతో తీసుకున్నవాళ్లు ఇంకా చాలామంది. 1847 నుంచి 1855 దాకా చేసిన చట్టాల కింద సైనికులకో వాళ్ల విధవలకో నేల హక్కు కాగితాలు ఇచ్చారు, వాళ్లలో ఎక్కువమంది ఆ కాగితాన్ని అమ్మేసుకున్నారు. అందువల్ల పేటెంట్ మీద ఎక్కడో తూర్పు రాష్ట్రంలోని సైనికుడి పేరు, కింద మీ కుటుంబం పేరు కలిసి కనబడతాయి. ఆ సైనికుడు మీ తాత కాదు, ఆయన కాగితం మాత్రమే చేతులు మారి మీవాళ్ల దాకా వచ్చింది. ఆయన్ని వంశవృక్షంలో ఎక్కించేసిన చెట్లు ఆన్‌లైన్‌లో చాలా కనబడతాయి, వాటిని కాపీ చేసుకోకండి.

మీవాళ్లది నెబ్రాస్కానో డకోటానో అయితే అదృష్టం వేరు. అక్కడ హోమ్‌స్టెడ్ కింద నేల తీసుకున్నవాళ్లు చాలామంది. నెబ్రాస్కాలోని బియాట్రిస్ దగ్గర డేనియల్ ఫ్రీమన్ 1863 జనవరి 1న పెట్టుకున్న దరఖాస్తును మొట్టమొదటివాటిలో ఒకటిగా చెబుతారు. ఐదేళ్లు ఉండి సాగు చేశామని రుజువు చూపించాలి కాబట్టి, ఇల్లు ఎంత పెద్దది, ఎన్ని ఎకరాలు దున్నారు, ఇంట్లో ఎవరెవరున్నారు, వేరే దేశం నుంచి వస్తే పౌరసత్వం కాగితాలు, సాక్షులుగా ఇరుగుపొరుగువాళ్ల మాటలు, అన్నీ ఆ ఫైల్లో ఉంటాయి. ఫైళ్లు నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. పేటెంట్ ఒక పేజీ, ఫైలు మాత్రం ఒక సంసారం.

మొదటి పట్టా తర్వాత కథంతా కౌంటీ రికార్డర్ ఆఫీసులో (మన రిజిస్ట్రేషన్ ఆఫీసు లాంటిది) ఉంటుంది. అమ్మినవాళ్ల సూచిక ఒకటి, కొన్నవాళ్ల సూచిక ఇంకొకటి. రెండూ చూడాలి. చాలా కౌంటీల పాత పుస్తకాలు ఫ్యామిలీసెర్చ్ అనే వంశ రికార్డుల సైట్‌లో స్కాన్ అయి ఉన్నాయి, ఖర్చు లేదు. డీడ్‌లో, అంటే భూమి దస్తావేజులో, నేను ముందుగా చూసేది ధర కాదు, సంతకాలు. భర్త పొలం అమ్మినప్పుడు భార్య కూడా తన హక్కు వదులుకుంటున్నట్టు సంతకం పెట్టేది, అలా వేరే ఏ కాగితంలోనూ దొరకని ఆవిడ పేరు ఇక్కడ దొరుకుతుంది. తండ్రి పోయాక పిల్లలంతా కలిసి అమ్మిన డీడ్ దొరికితే పండగే. ఆడపిల్లల కొత్త ఇంటిపేర్లు, అల్లుళ్ల పేర్లు, ఎవరు ఏ రాష్ట్రంలో స్థిరపడ్డారో అంతా ఒకే పేజీలో ఉంటుంది. 'ఒక డాలరుకు, ప్రేమాభిమానాలతో' అని రాసి ఉంటే అది అమ్మకం కాదు, ఇంట్లోవాళ్లకు ఇచ్చింది. మధ్యలో ఒక లంకె దొరక్కపోతే, అంటే పొలం తాత పేరు మీద ఉండి ఉన్నట్టుండి మనవడు అమ్ముతున్నాడంటే, వారసత్వంగా వచ్చిందని అర్థం, అప్పుడు కోర్టు క్లర్కు దగ్గర ప్రొబేట్ ఫైలు (చనిపోయినవాళ్ల ఆస్తి పంపకం కాగితాలు) అడగండి.

అయోవావాళ్లకు ఒక మేలు ఉంది, అది ఆ ఇంటివాళ్లకే సరిగా తెలియదు. ఆ రాష్ట్రంలో టైటిల్ ఇన్సూరెన్స్ (భూమి హక్కులో లోపం బయటపడితే నష్టం కట్టే బీమా) అమ్మకూడదని 1947 నుంచి చట్టం ఉంది, అందుకని పొలానికి మొదటి పట్టా నుంచి నిన్నటి అప్పు దాకా ప్రతి కాగితం సారాంశాన్నీ ఒక కట్టగా ఉంచుతారు, దాన్ని అబ్‌స్ట్రాక్ట్ అంటారు. అందులో పెళ్లిళ్లు, చావులు, వారసులు, పాత తగాదాలు, అప్పు తీరిన తేదీలు వరసగా ఉంటాయి. మా మామగారింట్లో అది బీరువా అడుగున ఉండేది, మా ఆయనకు కూడా అదేదో పొలం కాగితమనే తెలుసు. మీవాళ్లని ముందు దీని గురించి అడగండి. ఇంట్లో లేకపోతే బ్యాంకులోనో లాయరు దగ్గరో ఉంటుంది.

ఇంతవరకూ కాగితాలు. నాకు అసలు ఇష్టమైన భాగం ఇక మొదలవుతుంది, చిన్ననాటి జ్ఞాపకాలను ఆ గళ్లలో కూర్చోబెట్టడం. పెద్దవాళ్లను 'మీ బాల్యం గురించి చెప్పండి' అని అడిగితే రెండు మాటలు చెప్పి ఊరుకుంటారు, మిడ్‌వెస్ట్ రైతులైతే మరీనూ. అదే వాళ్ల ముందు పాత ప్లాట్ మ్యాప్ పరిచి 'బడికి ఏ దారిన వెళ్లేవారు?' అనండి, వేలు దానంతటదే కదులుతుంది. ప్లాట్ మ్యాప్‌లో ప్రతి చెక్క మీదా యజమాని పేరు ఉంటుంది, ఇల్లు, బడి, చర్చి, శ్మశానం గుర్తులు ఉంటాయి. మామగారు అలా వేలు పెట్టి నడుస్తూ పక్కింటివాళ్ల పచ్చికబయలు, అందులో పొగరుబోతు ఆంబోతు, దాని భయంతో కంచె అంచునే తిరిగి వెళ్లిన రోజులు, వాగు మీద పలకల వంతెన, అన్నీ చెప్పుకుంటూ పోయారు. ఆ పక్కింటివాళ్ల పేరు మ్యాప్‌లో చూస్తే వాళ్లు ఆయన మేనత్త అత్తగారివాళ్లే. ఆ బంధుత్వం అంతకుముందు ఎవరూ నాకు చెప్పలేదు.

అయోవా స్టేట్ యూనివర్సిటీ వాళ్ల మ్యాప్ సర్వర్‌లో 1930ల నాటి విమాన చిత్రాలు ఉన్నాయి, ఉచితం. ఒకే సెక్షన్‌ను అప్పటి ఫోటోలో, ఇప్పటి ఫోటోలో పక్కపక్కన పెట్టి చూపించండి. కొట్టం, ఇంటి చుట్టూ చలిగాలికి అడ్డంగా వేసిన చెట్ల వరస, యాపిల్ తోట కనబడతాయి. విన్నెషీక్ కొండల ప్రాంతం, అక్కడ రోడ్లు వాగుల వెంట వంకర తిరుగుతాయి కాబట్టి గళ్ల ప్రకారం వెతికితే కాస్త తికమక పడతారు, చదునైన మధ్య అయోవాలో మైలుకో రోడ్డు తిన్నగా ఉంటుంది.

జ్ఞాపకానికి తేదీ కట్టడం మరో పని. 'అప్పుడు నాకు ఆరేళ్లో ఏడేళ్లో' అన్నదాన్ని అలాగే రాసుకుని, పక్కన ఒక గట్టి సంఘటన అడగండి. 1940 నవంబర్ 11న పొద్దున వెచ్చగా ఉండి మధ్యాహ్నానికి మంచు తుపాను విరుచుకుపడింది, ఆ వయసువాళ్లకు అది తప్పకుండా గుర్తుంటుంది. 1936 జులై ఎండలు ఇంకొకటి. ఇంటికి కరెంటు వచ్చిన రాత్రి మూడోది. పల్లెల విద్యుదీకరణ సంస్థను 1935లో పెట్టినా లైను ఒక్కో రోడ్డుకు ఒక్కో ఏడాది వచ్చింది, అందుకని 'మీకు ముందా, ఎదురింటికి ముందా?' అని అడగండి.

ఒక ప్రశ్న మాత్రం నెమ్మదిగా అడగాలి, ఇంట్లో ఏ భాష మాట్లాడేవారని. 1918 మే 23న అయోవా గవర్నర్ విలియం హార్డింగ్ బహిరంగంగా ఇంగ్లిషు తప్ప ఇంకేదీ మాట్లాడకూడదని ఆజ్ఞ ఇచ్చాడు. బడిలో, రైల్లో, చర్చి ప్రసంగంలో, చివరికి టెలిఫోనులో కూడా. జర్మన్లకే కాదు, నార్వే, చెక్ కుటుంబాలకూ అది తగిలింది. ఆ ఏడాది చివర్లో ఆజ్ఞ ఎత్తేసినా చాలా ఇళ్లలో భాష మళ్లీ పిల్లల దాకా రాలేదు. గుంటూరు నుంచి వచ్చి ఇక్కడ పిల్లలకు తెలుగు నేర్పాలని తాపత్రయపడుతున్న దాన్ని, ఆ సంగతి తెలిశాక మామగారి అమ్మ వంటింట్లో ఒక్కతే ఉన్నప్పుడు మాత్రమే నార్వే భాషలో ప్రార్థన చేసేదన్న జ్ఞాపకం నాకు వేరేగా అర్థమైంది. ఇలాంటిది ఎవరైనా చెప్తుంటే మధ్యలో తేదీలు అడగకండి, వినండి.

వచ్చే పాఠం లోపల చేయాల్సినవి. కుటుంబం ఉన్న ఒక్క చెక్క ఎంచుకోండి, ఒక్కటే. దాని పూర్తి వివరం రాసుకుని, మీరు గీసిన కాగితంలో రంగు వేయండి. మొదటి పేటెంట్ తీయండి, ఆ తర్వాత చేతులు మారిన ప్రతి డీడ్ తేదీ, పేర్లు, సంతకాలు ఒక పట్టికలో ఎక్కించండి. చుట్టూ ఉన్న ఎనిమిది సెక్షన్ల యజమానుల పేర్లు పక్కన రాయండి. ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి ఇంటి పెద్దవాళ్లతో మ్యాప్ ముందు కూర్చోండి, ముందు వాళ్ల అనుమతి అడగండి. నాలుగో పాఠంలో ఆ ఎనిమిది సెక్షన్ల పేర్లనే పట్టుకుని లూథరన్ చర్చి బాప్టిజం పుస్తకాల్లోకి వెళ్దాం. అక్కడ తల్లిదండ్రులతో పాటు బిడ్డకు సాక్షులుగా నిలబడ్డవాళ్ల పేర్లు ఉంటాయి, ఆ సాక్షుల్లో చాలామంది మీ పట్టికలో ఇప్పటికే ఉంటారు.