విజయవాడ బీసెంట్ రోడ్డులో చెత్త తనిఖీ ఎలా చేయాలి

కొత్త ఇన్‌స్పెక్టర్లూ, పగలు వెళ్లకండి. అప్పుడు ప్రతి షాపు ముందూ తడి చెత్తకు ఆకుపచ్చ, పొడి చెత్తకు నీలం డబ్బాలు బుద్ధిగానే ఉంటాయి. షట్టర్ దించే వేళకు నిలబడండి, రెండిటినీ ఒకే నల్ల సంచిలో గుమ్మరిస్తుంటారు. ఆ సంచి విప్పించండి. అట్టముక్కకు సాంబారు అంటిందంటే పాత సామాన్లవాడు కూడా ముట్టడు.

2016 ఘన వ్యర్థాల నిబంధనల నుంచీ చెత్త రోజుకు సగటున 100 కిలోలు దాటితే బల్క్ వేస్ట్ జనరేటర్, అంటే భారీగా చెత్త పుట్టించేవాళ్ల కిందే లెక్క. హోటల్ ఓనర్లు "మాకంత రాదండీ" అంటారు. వాదించొద్దు. వారంపాటు కాటా వేయించి, తూకం పుస్తకంలో వాళ్ల చేతే సంతకం పెట్టించండి. పొడి చెత్త అమ్మిన బిల్లులూ చూడండి. లేవంటే కాలవ పాలవుతోందని నా అనుమానం.

నోటీసు మాత్రం ఓనరు పేరునే. స్వీపరును తిట్టి లాభం లేదు, పాపం, రెండో సంచి కొనివ్వనిది ఆయనే కదా!