సున్నం పని నేర్పాలంటే ముందు సిమెంటును మరిపించాలి

ముప్పై ఏళ్లు నేను సిమెంటు ఇంజనీరునే. రిటైరయ్యే ముందు పాతబస్తీలో ఒక దేవిడీ (నవాబుల కాలపు పెద్ద ఇల్లు) వరండా గోడ పెచ్చులూడుతోందని నాకు అప్పగించారు. పాత గచ్చంతా, అంటే సున్నం పూతంతా, గీకించి, గట్టిగా సిమెంటు ప్లాస్టరింగ్ చేయించాను. మూడు వానాకాలాలు గడిచాక చూస్తే ప్లాస్టర్ చెక్కుచెదరలేదు, దాని వెనక ఇటుక మాత్రం పిండయిపోయింది. నేలలోంచి ఎక్కిన చెమ్మకు బయటికి దారి లేక, ఉప్పు గోడలోనే పేరుకుని ఇటుకను తినేసింది. ఆ సిగ్గుతో సున్నం పని నేర్చుకున్నాను. ఇప్పుడు ఏటా ఓ పది మందికి నేర్పుతున్నాను. మీరూ ఇలాంటి క్లాసు పెట్టాలనుకుంటే నేను చేసే పద్ధతి చెబుతాను.

పది మందిలో సగం తాపీ మేస్త్రీలు, సగం ఇంజనీర్లూ ఆర్కిటెక్టులూ ఉండాలి. మేస్త్రీలకు ఆ రోజుల కూలి ఇవ్వాల్సిందే, పని మానుకుని వచ్చేది వాళ్లే కదా. ఒక ఇంజనీరుకి ఒక మేస్త్రిని జత చేసి, తాపీ ఇంజనీరు చేతికిస్తాను. మొదటి రోజు మేస్త్రి “మీకు నేనేం చెప్త సార్” అని నసుగుతాడు. మూడో రోజుకి “నొక్కుడు కాదు సార్, చెయ్యి తిప్పాలె” అని కసురుతాడు. అప్పుడు క్లాసు దారిలో పడ్డట్టు.

హైదరాబాద్‌లో ఈ పనికి దీపావళి తర్వాత నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని మెల్లగా గట్టిపడుతుంది, అందుకు తడి ఉండాలి. ఏప్రిల్ ఎండకు పూత ఇట్టే ఆరిపోయి పగుళ్లిస్తుంది.

మొదటి రెండు రోజులు తాపీ ముట్టనివ్వను. పొద్దున్నే పైగా (Paigah) నవాబుల సమాధుల దగ్గరికి తీసుకెళ్తాను. ఏటవాలు వెలుతురులో సున్నం నగిషీ ఎక్కడ ఉబ్బిందో, ఎక్కడ ఊడిందో స్పష్టంగా కనబడుతుంది. వీలైతే 2013 నుంచి పరిరక్షణ పనులు జరిగిన కుతుబ్‌షాహీ సమాధులు కూడా చూపిస్తాను. తర్వాత మేం పనిచేసే గోడ దగ్గరికి వచ్చి వేలి కణుపులతో తట్టమంటాను. డొల్ల శబ్దం వచ్చిన చోటల్లా సుద్దముక్కతో గీత గీయాలి. పగులు మీద సన్నటి గాజు పట్టీ అతికిస్తాం. అది విరిగితే పగులు ఇంకా కదులుతోందని లెక్క. అసలు నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో కనిపెట్టాకే పూత మాట. పగిలిన తూము, పిట్టగోడలో మొలిచిన రావి మొక్క అలాగే ఉంటే కింద ఎంత పూసినా దండగ.

ఇక సున్నం. పచ్చిసున్నాన్ని నీళ్లలో వేయాలి, సున్నం మీద నీళ్లు పోయకూడదు. డ్రమ్ములో కుతకుతా ఉడికి చిమ్ముతుంది, కళ్లద్దాలు లేనివాళ్లని దగ్గరికి రానివ్వకండి. అలా విరిసిన సున్నం నీటి కింద కనీసం మూడు వారాలు నానాలి. అందుకే క్లాసుకి నెల ముందే డ్రమ్ములు నింపి పెడతాను. పాత గచ్చు ముక్కను పలచటి హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో వేస్తే సున్నం బుసబుసా పొంగి కరిగిపోతుంది, ఇసుకా ఇటుక రజనూ అడుగున మిగులుతాయి. కడిగి, ఆరబెట్టి, జల్లెడ పట్టి తూచితే పాత మాలు ఎంత పాళ్లలో కలిపారో ఉజ్జాయింపుగా తెలుస్తుంది. మా గోడకి సున్నం ఒకటి, సుర్ఖీ (ఇటుక పొడి) ఒకటి, ఇసుక రెండు పాళ్లు సరిపోయాయి. మీ గోడకి మీరే చూసుకోవాలి. సున్నంలో కలిపే బెల్లం, కరక్కాయ నీళ్ల దగ్గర ఒక్కో మేస్త్రిదీ ఒక్కో తాత లెక్క. వాదించకుండా ఎవరి పాళ్లు వాళ్లతో అడుగు చదరం మేర పూయించి, పక్కన తేదీ, కొలతలు రాయిస్తాను. ముందు రోజు సాయంత్రం నుంచే గోడ తడపాలి. ఒక్కో పూత పది, పన్నెండు మిల్లీమీటర్లు మించకూడదు. దాని మీద వారం రోజులైనా తడి గోనెసంచి కప్పి ఉంచాలి.

ఇంజనీర్లకి ఒక పూట కాగితాల పని ఉంటుంది. కేంద్ర రక్షిత కట్టడం మీద ప్రాక్టీసు చేయకూడదు. దాని చుట్టూ 100 మీటర్లు నిషేధిత ప్రాంతం, ఆ పైన 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం, అక్కడి పాత ఇంటి మరమ్మతుకైనా ముందే అనుమతి కావాలి. ఎస్టిమేట్‌లో సున్నం నానే రోజులు, గోనె తడిపే కూలి విడిగా చూపించమంటాను. చూపించకపోతే కాంట్రాక్టరు మొదట కోత పెట్టేది వాటికే.

సర్టిఫికెట్లు చివరి రోజున ఇవ్వను. ఆగస్టులో రెండు మూడు పెద్ద వానలు పడ్డాక అందరినీ పిలిచి, ఎవరి పూతను వాళ్ల చేతే తట్టించి చూసి అప్పుడు ఇస్తాను.