బోల్టు కేజ్ గట్టిపడాలంటే ముందు ఫ్లోర్ చూడండి

విజయనగరంలో మా ఫ్యాబ్రికేషన్ షెడ్డుకి పాత ఎస్టీమ్‌నో, స్విఫ్ట్‌నో తీసుకొచ్చే కుర్రాళ్లు దాదాపు అందరూ అడిగేది ఒకటే. "అన్నా, బోల్టు కేజ్ బిగించేశాం. ఇంకెక్కడ పైపు వేస్తే గట్టిగా ఉంటుంది?" బోల్టు కేజ్ అంటే రేసు కారు పల్టీ కొట్టినా డ్రైవర్ నలగకుండా లోపల బోల్టులతో బిగించే ఉక్కు పైపుల చట్రం. వాళ్లు అలా అడిగితే నేను పైకి చూడను. ముందు కార్పెట్ ఎత్తమంటాను. కారు పల్టీ కొడితే బరువంతా కేజ్ కాళ్ల మీదకే వస్తుంది. ఆ కాళ్లు నిలబడింది మిల్లీమీటరు మందం కూడా లేని రేకు మీద. వానకు నానిన పెరట్లో నులకమంచం వేసి నలుగురు కూర్చుంటే కోళ్లు ఎలా దిగబడతాయో, కేజ్ కాళ్లు కూడా ఆ రేకులోకి అలాగే దిగిపోతాయి. పైపు వంగకపోయినా హూప్ (సీటు వెనక నిలబడే కమాను పైపు) కిందికి జారుతుంది, డ్రైవర్ తలకి ఉండాల్సిన జాగా పోతుంది. అందుకే మీ దగ్గర డబ్బు కొంచెమే ఉంటే దాన్ని మొదట కేజ్ కాళ్ల కింద పెట్టండి. మిగిలితే పైపుల సంగతి చూద్దాం.

గ్రైండర్ పట్టుకునే ముందు రెండు పనులున్నాయి. మొదటిది రూల్ బుక్. మీరు పాల్గొనబోయే ఈవెంట్ నిబంధనలు, మన దేశంలో మోటార్ రేసులు చూసుకునే ఎఫ్ఎంఎస్‌సీఐ రూల్స్, ప్రపంచ సంస్థ ఎఫ్ఐఏ అపెండిక్స్ జేలో ఆర్టికల్ 253 తెరిచి చదవండి. ఇక్కడి నుంచి చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కి ట్రెయిలర్ మీద కారు తీసుకెళ్లాలంటే 800 కిలోమీటర్లు దాటుతుంది. కోయంబత్తూరు కరి స్పీడ్‌వే ఇంకా దూరం. అంత దూరం వెళ్లాక స్క్రూటినీలో, అంటే రేసుకి ముందు జరిగే కారు తనిఖీలో, వెనక్కి పంపితే ఆ బాధ మాటల్లో చెప్పలేం.

రెండోది మీ దగ్గరున్న పైపు ఏదో తేల్చుకోవడం. ఆర్టికల్ 253 ప్రకారం మెయిన్ హూప్‌కి కోల్డ్ డ్రాన్ సీమ్‌లెస్ (చల్లగా లాగిన, అతుకు లేని) కార్బన్ స్టీలు కావాలి. సైజు కనీసం 45 మి.మీ. వ్యాసం, 2.5 మి.మీ. మందం, లేదా 50 మి.మీ. వ్యాసం, 2 మి.మీ. మందం. మిగతా పైపులకి 38 × 2.5 లేదా 40 × 2 సరిపోతుంది. కేజ్ నీళ్ల లైనుకి వాడే జీఐ (జింకు పూత) పైపుతో చేసి ఉంటే దాన్ని బలపరిచే ప్రయత్నమే వద్దు, తీసేయండి. దాని మీద వెల్డింగ్ చేస్తే వచ్చే జింకు పొగ మనిషిని జ్వరంతో పడుకోబెడుతుంది, అది వేరే సంగతి. కొత్త పైపు కొనేటప్పుడు విశాఖ ఆటోనగర్‌లో స్టాకిస్టులను అడిగి చూడండి. మిల్ టెస్ట్ సర్టిఫికెట్ (ఉక్కు నాణ్యత చెప్పే ఫ్యాక్టరీ కాగితం) చూపించిన వాళ్ల దగ్గరే తీసుకోండి.

ఇక ఫ్లోర్. మన జిల్లాల్లో సముద్రపు గాలి వల్ల తుప్పు త్వరగా పడుతుంది. శ్రీకాకుళం వైపు 2018 అక్టోబరులో తిత్లీ తుపాను నీళ్లలో నానిన కార్లు ఇప్పటికీ చేతులు మారుతూనే ఉన్నాయి. పైన పెయింట్ మెరుస్తుంటుంది, కార్పెట్ కింద రేకు అట్టలా ఉంటుంది. తారు షీట్ మొత్తం గీకేసి, డోర్ కిందుండే సిల్ మొదలు నుంచి స్క్రూడ్రైవర్ మొనతో గట్టిగా పొడుచుకుంటూ రండి. ఎక్కడ దిగితే అక్కడ ఆ ముక్క కోసేసి కొత్త రేకు వెయ్యాలి. తుప్పు రేకుకి ఎంత మంచి ప్లేటు అతికించినా అది పట్టుకునేది తుప్పునే.

ప్లేట్ల విషయంలో పిసినారితనం వద్దు. మెయిన్ హూప్, ముందు కాళ్ల కింద బాడీకి వెల్డ్ చేసే ప్లేటు కనీసం 3 మి.మీ. మందం, 120 చదరపు సెంటీమీటర్లు ఉండాలి. అంటే 12 × 10 సెం.మీ. ముక్క. దాని బరువు మూడు వందల గ్రాములు కూడా ఉండదు. వెనక స్టేలకి (హూప్ నుంచి వెనక్కి వాలే పైపులకి) 60 చదరపు సెంటీమీటర్లు చాలు. నేనైతే ముందు వాటికి 15 × 15 కోస్తాను, అదీ ఫ్లోర్ మీద చదునుగా మాత్రమే వేసి ఊరుకోను. ఎల్ ఆకారంలో వంచి, ఒక రెక్క ఫ్లోర్ మీద, ఇంకో రెక్క సిల్ నిలువు గోడకి ఆనేలా పెడతాను. కారులో నిజమైన బలం ఉన్నది డోర్ కింద ఉండే ఆ పెట్టెలాంటి సిల్‌లోనే. బరువు దానికి అందాలి. ప్లేటు మూలలు గుండ్రంగా రాయండి. పదునైన మూల ఉంటే చిరుగు అక్కడే మొదలవుతుంది.

ప్లేటు వెల్డ్ చేసే ముందు బ్యాటరీ తీయండి, ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) సాకెట్ విప్పండి. పక్కనుంచి వెళ్లే వైరింగ్, పెట్రోలు లైను, బ్రేకు పైపు పక్కకి జరపండి. కిందనుంచి అండర్ కోటింగ్ గీకాలి, లేకపోతే అంటుకుంటుంది. ఒక మనిషి ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ పట్టుకుని కింద చూస్తూ ఉండాలి. ఆ మనిషి లేకుండా నేను ఆర్క్ కొట్టను. పల్చటి రేకుకి మామూలు రాడ్ వెల్డింగ్ పనికిరాదు, కన్నాలు పడతాయి. 0.8 మి.మీ. వైరుతో మిగ్ (వైరు దానంతటదే వచ్చే వెల్డింగ్) పెట్టి, రెండు సెంటీమీటర్ల చొప్పున, ఒక పక్క తర్వాత ఎదుటి పక్క, చల్లారనిస్తూ వెయ్యండి. అయ్యాక రెండు వైపులా జింక్ ప్రైమర్, అంచుల్లో సీలర్ వెయ్యాలి.

బోల్టుల దగ్గర చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. రూల్ కోరేది ఒక్కో కాలికి కనీసం మూడు, వెనక స్టేకి రెండు, ఎం8 సైజు, 8.8 గ్రేడు. జాగా ఉంటే ఎం10 వాడతాను. తల మీద 8.8 అని అచ్చు లేని బోల్టు వాడకండి. ప్లేట్లు కలిసే చోట బోల్టు మర పడకుండా, నున్నటి భాగం వచ్చేంత పొడవు తీసుకోండి. కన్నం వదులుగా ఉండకూడదు. కేజ్ పాదం, ప్లేటు, రేకు కలిపి క్లాంప్ చేసి ఒకేసారి డ్రిల్ కొట్టండి. బోల్టు సిల్ లాంటి బోలు పెట్టెలోంచి వెళ్తే లోపల ఉక్కు స్లీవ్ వెల్డ్ చెయ్యాలి. లేదంటే బిగించే కొద్దీ పెట్టె నొక్కుకుపోతుంది, బోల్టు ఎప్పటికీ టైటవదు. నైలాక్ నట్లు (లోపల నైలాన్ రింగు ఉండేవి) కొత్తవి వెయ్యండి. మామూలుగా ఎం8కి 25, ఎం10కి 50 న్యూటన్ మీటర్ల దగ్గర టార్క్ రెంచ్‌తో బిగించి, నట్టు నుంచి ప్లేటు దాకా పెయింట్‌తో గీత పెట్టండి.

ఇప్పుడు పైపులు. ఉట్టి హూప్‌ని పక్కనుంచి తోస్తే ఒరుగుతుంది. మూలనుంచి మూలకి ఒక పైపు పడితే రెండు త్రిభుజాలవుతాయి, ఇక కదలదు. ఆ పైపునే డయాగనల్ అంటాం. కాబట్టి కిట్‌లో డయాగనల్ లేకపోతే మొదట వెయ్యాల్సింది అదే. మన కార్లలో డ్రైవర్ కుడివైపు కాబట్టి, పై కొస కుడివైపు తల వెనకాల, కింది కొస ఎడమ కాలి దగ్గర వచ్చేలా పెట్టండి. ఆ తర్వాత డోర్ బార్లు. పక్కనుంచి దెబ్బ తగిలితే మనిషికి, డోర్‌కి మధ్య ఉండేవి అవే. రెండు పైపులు ఎక్స్‌లా వెయ్యడం నాకిష్టం. కలిసే చోట యూ ఆకారంలో వంచిన రేకు గస్సెట్ (మూలని బలపరిచే ముక్క) వెయ్యండి. మందం కనీసం 1 మి.మీ. ఉండాలి, దాని కొసలు మూల నుంచి పైపు వ్యాసానికి రెండు నుంచి నాలుగు రెట్ల దూరంలో ఉండాలి. 40 మి.మీ. పైపైతే 80 నుంచి 160 మి.మీ. అన్నమాట.

బోల్టు కేజ్‌లో ఉన్న పెద్ద సుఖం ఇక్కడే తెలుస్తుంది. వెల్డింగ్ కేజ్‌లో రూఫ్ అడ్డొచ్చి పైపు పైభాగం చుట్టూ వెల్డ్ చెయ్యడం నరకం. దీన్నైతే కారులోనే టాక్ వేసి (అక్కడక్కడ చుక్కల్లా అతికించి), బయటికి తీసి చుట్టూ పూర్తిగా వెల్డ్ చెయ్యొచ్చు. అయితే తీసే ముందు కాళ్లన్నిటినీ యాంగిల్ ముక్కలతో ఒకదానికొకటి కలిపి టాక్ వెయ్యండి. లేకపోతే వేడికి పైపు లాగేసుకుని, తిరిగి పెట్టేటప్పుడు కన్నాలు కలవవు. అప్పుడు కన్నాలు పెద్దవి చేసుకోవాలన్న ఆలోచన వస్తుంది. ఆ పని మాత్రం చెయ్యకండి.

బెల్టులు హూప్ మధ్యలో అడ్డంగా వేసిన పైపుకి కడతాం. సీటు పైఅంచు నుంచి వెనక్కి వెళ్లే భుజాల పట్టీ 45 డిగ్రీల కంటే కిందికి దిగకూడదు, 10 డిగ్రీల లోపు ఉంటే మంచిది. ఎక్కువ వాలితే దెబ్బ తగిలినప్పుడు పట్టీ వెన్నెముకని కిందికి నొక్కుతుంది.

హెల్మెట్ తగలగలిగే ప్రతి పైపుకీ ఎఫ్ఐఏ 8857-2001 ప్యాడింగ్ వెయ్యండి. ఏసీ పైపులకి చుట్టే నల్ల స్పాంజి దానికి ప్రత్యామ్నాయం కాదు, వేలితో నొక్కితే ఉక్కు తగులుతుంది. ఇంకొక్క మాట, దీన్ని బతిమాలి చెబుతున్నాను. కేజ్ ఉన్న కారుని హెల్మెట్ లేకుండా రోజూ బజారుకి తిప్పకండి. చిన్న గుద్దుకే తల ఆ పైపుకి కొట్టుకుంటుంది. సాయంత్రం పూట పిల్లల్ని ఎక్కించుకుని కోట చుట్టూ తిప్పడం అసలు వద్దు.

రంగు లేతది, పల్చగా వెయ్యండి. పౌడర్ కోటింగ్ కింద పగులు కనబడదు. ప్రతి ఈవెంట్ అయ్యాక పెయింట్ గీతలు కలుస్తున్నాయో లేదో చూడండి. వెల్డుల దగ్గర అనుమానం వస్తే పెయింట్ తీసి డై పెనిట్రెంట్ వాడండి. ఎర్ర మందు కొట్టి, తుడిచి, తెల్లది కొడితే పగులున్న చోట ఎర్ర గీత పైకి వస్తుంది. ఒకసారి పల్టీ కొట్టిన కేజ్‌లో వంగిన పైపుని వేడిచేసి తిన్నగా చెయ్యమని నా దగ్గరికి తెస్తే నేను చెయ్యను. ఆ పైపు కోసేసి కొత్తది వేస్తాను. ఆ కేజ్ కాళ్ల కింద ప్లేట్లు కూడా విప్పి చూశాకే కారు షెడ్డులోంచి బయటికి వెళ్తుంది.