తెర వేడెక్కినప్పుడు ముందుగా చూడవలసినది

ఫోను తెర చెంపకు చురుక్కుమని తగలగానే చాలామంది దాన్ని ఫ్యాను కింద పెడతారు, కంగారు ఎక్కువైతే ఫ్రిజ్‌లో కూడా పెడతారు. అంతకన్నా ముందు ఆ వేడి ఎక్కడ పుడుతున్నదో తెలుసుకోవాలి. తెర మీద తగిలే వేడిలో కొంత తెర వెలుగు వల్ల పుడితే, కొంత వెనుకనున్న ప్రాసెసర్ నుంచో బ్యాటరీ నుంచో వస్తుంది, మరికొంత బయటి ఎండ నుంచి చేరుతుంది. ఒక్కొక్కదానికి ఉపాయం వేరు.

చేతి వెనుక భాగాన్ని తెర మీద, ఆ తర్వాత ఫోను వీపు మీద పై నుంచి కిందికి మెల్లగా ఆనించి చూడండి. ఒక్కచోట, తరచుగా కెమెరాకు దగ్గరలో, వేడి గుమిగూడి ఉండి మిగతా భాగమంతా మామూలుగా ఉంటే అది చాలావరకు ప్రాసెసర్ పని. గేమ్, వీడియో కాల్, దారి చూపే మ్యాపు వంటివి నడుస్తున్నప్పుడు ఇలా జరుగుతుంది. ఏమీ వాడకపోయినా అలాగే ఉంటే సెట్టింగ్స్‌లోని బ్యాటరీ వినియోగం పేజీ తెరిచి, చాటుగా నడుస్తున్న యాప్ ఏదో చూసి ఆపండి. ఛార్జింగ్‌లో ఉన్నప్పుడే కాలుతుంటే, ఛార్జ్ అవుతుండగా వాడడం మానండి. వైర్‌లెస్ ఛార్జింగ్‌లో కొంత శక్తి వేడిగా వృథా అవుతుంది కాబట్టి ఎండకాలంలో కేబుల్ మేలు.

వేడి తెరంతటా సమానంగా పరుచుకుని ఉంటే మాత్రం బ్రైట్‌నెస్‌ను అనుమానించాలి. తెరల్లో ఒక రకమైన ఎల్‌సీడీలో వెనుకనుండే బ్యాక్‌లైట్ సాధారణంగా నల్లని బొమ్మ చూపుతున్నప్పుడు కూడా వెలుగుతూనే ఉంటుంది. మరో రకమైన ఓఎల్‌ఈడీలో ప్రతి పిక్సెల్, అంటే బొమ్మను కూర్చే ప్రతి చుక్క, తనంతట తాను వెలుగుతుంది, నలుపు చూపవలసిన చోట ఆరిపోతుంది. అందువల్ల డార్క్ మోడ్ ఓఎల్‌ఈడీ తెర వేడిని తగ్గించగలదు గాని, ఎల్‌సీడీలో దానివల్ల పెద్దగా ప్రయోజనం ఉండదు. ఆరుబయట ఆటోమేటిక్ బ్రైట్‌నెస్ వెలుగును గరిష్ఠానికి తీసుకువెళుతుంది కనుక, పైన ఎండ, లోపల వెలుగు రెండూ కలిసి తెరను కాల్చేస్తాయి. నాలుగడుగులు వేసి నీడలోకి వెళితే రెండూ ఒకేసారి తగ్గుతాయి. తెర దానంతట అదే మసకబారితే అది ఫోను తనను తాను కాపాడుకోవడం. బలవంతంగా వెలుగు పెంచాలని చూడకండి.

ఎండలో ఉంచిన ఎల్‌సీడీ తెర మీద నల్లని మచ్చ కమ్ముకుంటే భయపడనక్కరలేదు. 1888లో ఆస్ట్రియా వృక్షశాస్త్రవేత్త ఫ్రీడ్రిష్ రైనిట్జర్, ఒక పదార్థం 145.5 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగి మబ్బుగా మారి, 178.5 డిగ్రీల దగ్గర తేటపడడం గమనించాడు. ద్రవంలా పారుతూనే స్ఫటికంలా క్రమం కలిగి ఉండే ద్రవస్ఫటికాల కథ అక్కడ మొదలైంది; ఎల్‌సీడీ తెరలు పనిచేసేది వీటితోనే. తెరల్లో వాడే మిశ్రమాలు అంతకన్నా చాలా తక్కువ వేడికే తేటపడతాయి. అప్పుడు కాంతిని మలిచే క్రమం చెదిరి ఆ భాగం నల్లబడుతుంది, చల్లారితే సాధారణంగా మామూలవుతుంది. ఓఎల్‌ఈడీ విషయంలో ఈ ధీమా పనికిరాదు; వేడి అందులోని సేంద్రియ పదార్థాలను త్వరగా అరగదీస్తుంది, ఆ అరుగుదల తిరిగిరాదు.

చల్లార్చేటప్పుడు ఛార్జర్ తీసి, కవర్ విప్పి, ఫోను ఆపి, నీడలో గాలి తగిలే గట్టి ఉపరితలం మీద పెట్టాలి. పరుపు, దిండు పనికిరావు, వేడి బయటికి పోదు. ఫ్రిజ్‌లో మాత్రం ఎన్నడూ పెట్టకండి: చల్లబడిన ఫోనును బయటికి తీయగానే, చల్లని గాజు గ్లాసుకు చెమట పట్టినట్టే, తేమ దాని మీదా లోపలా పేరుకుంటుంది. కంప్యూటర్ మానిటర్‌కు వీపు మీది గాలి రంధ్రాలే ఊపిరి. వాటిని గోడకు ఆనించకండి, గుడ్డ కప్పకండి, దుమ్ము పడితే ఆపి తుడవండి. కొన్ని ల్యాప్‌టాప్‌లలో వేడిగాలి తెర మడత దగ్గరే బయటికి వస్తుంది, అటువంటివి మూత మూసి పనిచేయిస్తే ఆ వేడి తెరకే తగులుతుంది.

ఆపిల్ సంస్థ తన ఐఫోన్లను 35 డిగ్రీలు దాటని చోట వాడమని, వాడనప్పుడు 45 డిగ్రీలు దాటని చోట ఉంచమని చెబుతుంది. ఎండలో తలుపులు మూసి నిలిపిన కారులో ఆ రెండో హద్దు కూడా దాటిపోతుంది. అక్కడ ఏ ఫోనునూ వదిలి వెళ్లకండి.

ఇంత చేసినా వేడి తగ్గక, తెర అంచు ఒక పక్క పైకి లేచినట్టు కనిపిస్తే, లోపల బ్యాటరీ ఉబ్బిందేమోనని అనుమానించండి. దాన్ని నొక్కి అతికించే ప్రయత్నం చేయకుండా, ఛార్జింగ్ పెట్టకుండా, ఆపివేసి సర్వీస్ కేంద్రానికి తీసుకువెళ్లండి.